పారిస్ బ్రాసరీలో ఉల్లిపాయ సూపు, ఏడున్నర యూరోల నీళ్ళు

ప్రశ్న: "అమ్మానాన్నలతో మొదటిసారి పారిస్ వెళ్తున్నాం. బ్రాసరీ అని అక్కడి పాతకాలపు పెద్ద రెస్టారెంట్లు ఉంటాయట, వాటిలో ఒక రాత్రి భోజనం చేయకపోతే ట్రిప్పు వేస్టే అంటున్నారు. నిజంగా అంత బాగుంటుందా? ఎవరైనా వెళ్ళారా?"

వెళ్ళాం. సరిగ్గా మీలాగే, అమ్మానాన్నలతో. నలుగురికి కలిపి 150 యూరోలు అయింది, అప్పటి రేటులో పదమూడు వేల పైమాటే. ఆ రాత్రి హోటల్ రూముకి రాగానే అమ్మ సూట్‌కేసు తెరిచి జంతికల డబ్బా తీసింది. ఎవరూ ఏమీ మాట్లాడకుండా నలుగురం చుట్టూ కూర్చున్నాం. భోజనం ఎలా ఉందో అర్థమయ్యే ఉంటుంది.

అయితే తప్పంతా ఆ బ్రాసరీవాళ్ళదే అనను. సగం వాళ్ళది, సగం మాది. ఏ సగం ఎవరిదో చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నా.

నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నా. 2023 సెప్టెంబరులో అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్‌కి రైల్లో నాలుగు గంటలు, దిగేది గార్ ద లెస్ట్ స్టేషన్లో. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో రగ్బీ వరల్డ్ కప్ జరుగుతోంది. ఊరంతా జెర్సీలు వేసుకున్న జనం. పైగా శనివారం రాత్రి. మేం అనుకున్న రెండు చోట్లా టేబుల్ దొరకలేదు. రైల్వే స్టేషన్ దగ్గర్లోనే ఒక పెద్ద బ్రాసరీ కనిపించింది. పేరు చెప్పను. మా ఆవిడ "చూడ్డానికి భలే ఉందండీ" అంది. నాకూ అలాగే అనిపించింది. అదే మా మొదటి తప్పు, ఆకలి మీద ఉండి లైట్లు చూసి లోపలికి వెళ్ళడం.

లోపల నిజంగానే బాగుంది. ఎర్ర తోలు బెంచీలు, ఇత్తడి కడ్డీలు, గోడలకి నిలువెత్తు అద్దాలు, తెల్ల గుడ్డ పరిచిన టేబుళ్ళు. నల్ల వెయిస్ట్‌కోటు మీద తెల్ల ఆప్రాన్ కట్టుకున్న వెయిటర్లు పళ్ళేలు పట్టుకుని పరుగులు. గుమ్మం పక్కన ఐసు గడ్డల మీద ఆయిస్టర్లు పేర్చి ఉన్నాయి. నాన్న నాలుగు వైపులా చూసి, "రైల్వే రిఫ్రెష్‌మెంట్ రూములా ఉందిరా, కాస్త డబ్బున్న రిఫ్రెష్‌మెంట్ రూమ్" అన్నాడు. ఎంత సరిగ్గా చెప్పాడో ఆయనకి తెలీదు.

ఎందుకంటే బ్రాసరీ కథ రైలుతోనే ముడిపడి ఉంది. ఫ్రెంచ్‌లో బ్రాసే అంటే బీరు కాయడం. బ్రాసరీ అంటే మొదట్లో బీరు కాచే చోటు. బీరు ఎక్కువగా తాగేది తూర్పున జర్మనీని ఆనుకుని ఉన్న ఆల్సాస్‌వాళ్ళు. 1870-71 యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయి ఆల్సాస్ జర్మనీ చేతికి పోయింది. జర్మన్ పాలనలో ఉండటం ఇష్టం లేనివాళ్ళు చాలామంది పారిస్‌కి వచ్చేశారు. బీరు, పందిమాంసం సాసేజీలు, పులియబెట్టిన క్యాబేజీ వెంట తెచ్చుకున్నారు. ఆల్సాస్‌లోని స్ట్రాస్‌బోర్గ్ వైపు నుంచి వచ్చే రైళ్ళు ఆగేది ఈ గార్ ద లెస్ట్‌లోనే. పారిస్‌లో బాస్తీయ్ దగ్గరున్న బోఫాంజే అనే బ్రాసరీ 1864లోనే మొదలైంది, యుద్ధానికి ముందే. సాన్ జెర్మాన్‌లోని లిప్‌ని 1880లో ఒక ఆల్సాస్ ఆయనే పెట్టాడు. మోంపార్నాస్‌లోని లా కూపోల్ 1927 నాటిది. ఈ మూడూ ఇప్పటికీ ఉన్నాయి, మేం వెళ్ళింది వీటిలో దేనికీ కాదు.

ఇదంతా నేను రైల్లో వస్తూ ఫోన్లో చదివాను. చదివినవాడు ఊరుకోడు కదా. "ఇక్కడ ఆల్సాస్ వంటే తినాలి" అని షూక్రూత్ ఆర్డర్ చేశా, 26 యూరోలు. పులియబెట్టిన క్యాబేజీ గుట్టగా పోసి దాని మీద సాసేజీలు, పందిమాంసం ముక్కలు, ఉడికించిన బంగాళాదుంపలు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. ఇది సౌర్‌క్రౌట్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఆఫీసు క్యాంటీన్లో చవగ్గా పెట్టేదే, నేను ముఖం చిట్లించుకుని పక్కకి నెట్టేదే. గుంటూరువాడు మద్రాసు వెళ్ళి గోంగూర పచ్చడికి వెయ్యి రూపాయలు ఇచ్చినట్టు, నేను జర్మనీ నుంచి వచ్చి పారిస్‌లో క్యాబేజీ కొనుక్కున్నా. మా ఆవిడ ఆ విషయంలో నన్ను ఇప్పటికీ వదలదు.

నా పళ్ళెం సంగతి నా తెలివితక్కువతనం. అమ్మ పళ్ళెం సంగతి వేరు.

అమ్మ శనివారం నీచు ముట్టదు. ఏడుకొండలవాడి మొక్కు, ఇరవై ఏళ్ళ నుంచి పాటిస్తోంది. మెనూ కార్డు ఇంగ్లిష్‌లో ఇచ్చారు. అందులో ఫ్రెంచ్ ఆనియన్ సూప్ అని ఒక్క ముక్క రాసి ఉంది, 13.50 యూరోలు. వెయిటర్‌ని పిలిచి "నో మీట్?" అని అడిగా. "నో మీట్, మెస్యూ. ఆనియన్, బ్రెడ్, చీజ్" అన్నాడు. ఇంకేం, అమ్మకి అదే చెప్పాం.

ఈ సూపు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే బ్రాసరీని తూచే రాయి ఇదే. చేసేది మామూలు సరుకుతో. ఉల్లిపాయల్ని సన్నగా, పొడుగ్గా తరిగి వెన్నలో చిన్న మంట మీద ముప్పావు గంట, గంట వేయిస్తారు. తొందరపడితే మాడిపోతుంది, లేదంటే పచ్చిగా ఉంటుంది. తేనె రంగు దాటి ఎర్రబడ్డాక మాంసం మరిగించిన నీళ్ళు పోస్తారు. పింగాణీ గిన్నెలో పోసి, పైన కాల్చిన బ్రెడ్డు ముక్కలు, ఆ పైన గ్రుయేర్ లాంటి చీజ్ తురుము వేసి, పై నుంచి మంట తగిలేలా పెడితే చీజ్ బుడగలు వచ్చి అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడుతుంది. అంచుల మీదికి కారి గిన్నెకి అంటుకుపోతుంది. ఆ అంటుకున్నది గోక్కుని తినడం కోసమే ఈ సూపు తాగేవాళ్ళున్నారు.

అమ్మకి వచ్చిన గిన్నెలో చీజ్ తెల్లగా ఉంది, ఒక్క మచ్చ లేదు. మైనం కరిగించి పోసినట్టు. గిన్నె అంచు చెయ్యి కాలేంత వేడి, మధ్యలో గోరువెచ్చన. మైక్రోవేవ్ ఉన్న ఇల్లు ఎవరిదైనా ఈ లక్షణం తెలుసు. అమ్మ ఒక చెంచా తాగింది. ఇంకో చెంచా తాగింది. తరవాత నాకు మాత్రమే వినపడేలా, "ఉల్లిపాయ వేగలేదురా" అంది. పది గంటల ప్రయాణాలు చేసి పారిస్ వస్తే మా అమ్మ చేసిన ఒకే ఒక రివ్యూ అది. నేను రుచి చూశా. ఉప్పు కషాయం, అందులో ఉడికీ ఉడకని పొడుగు తీగలు. తీపి మాత్రం ఉంది, కానీ ఉల్లిపాయ వేగితే వచ్చే తీపి కాదది, పంచదార తీపి.

అంతటితో ఆగితే బాగుండేది. మా ఆవిడ పక్క టేబుల్ మీదున్న ఫ్రెంచ్ మెనూ కార్డు తెచ్చి, ఊరికే ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చూస్తోంది. మా ఇంగ్లిష్ కార్డు రెండు పేజీలు, ఫ్రెంచ్‌ది నాలుగు. అక్కడ సూపు పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది. మాది ఇంగ్లిష్ చేసినప్పుడు ఆ లైను ఎగిరిపోయింది. బుయ్యోన్ ద బఫ్. ఎద్దు మాంసం మరిగించిన రసం.

ఆవిడ నాకు ఫోన్ చూపించింది. అమ్మ చూడనే చూసింది. "ఏమిటిరా?" అంది. అబద్ధం ఆడదామా అనుకున్నా, నా ముఖం ముందే చెప్పేసింది. అమ్మ చెంచా కింద పెట్టి, గిన్నెని రెండు వేళ్ళతో కొంచెం దూరంగా జరిపింది. "తెలియక జరిగిందిలే. దోషం లేదు" అంది. ఆ తరవాత ఆ టేబుల్ మీద బ్రెడ్డు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. శనివారం సంగతి పక్కన పెట్టినా, మా ఇంట్లో అది ఏ వారమూ తినం. నేను ఇప్పటికి ఎన్నోసార్లు ఆ గిన్నె గుర్తొచ్చి ఉలిక్కిపడ్డా.

వెయిటర్ అబద్ధం చెప్పాడా? అప్పుడు అలాగే అనుకున్నా, గట్టిగా అడిగా కూడా. అతను నిజంగానే అయోమయంగా చూశాడు. అతని దృష్టిలో మీట్ అంటే ముక్క. సూపులో ముక్క లేదు. రసం అనేది అతనికి నీళ్ళలాంటిది, వంటకి పోసేది. మన దగ్గర సాంబారులో వేసిన ఇంగువ గురించి ఎవరైనా అడిగితే మనం ఎలా చూస్తామో అలా చూశాడు. క్షమించమన్నాడు, ఆ సూపుకి డబ్బు మాత్రం తీసుకున్నారు. అందుకని మీ ఇంట్లో పట్టింపులు ఉన్నవాళ్ళుంటే "మాంసం ఉందా" అని అడగొద్దు. "రసం దేనితో కాచారు" అని అడగండి. వెజిటేరియన్ అన్నా, చేప పెట్టొచ్చని ఒక్కోచోట అనుకుంటారు. ఇంకొక్కటి, గ్రుయేర్, కోంతే లాంటి సంప్రదాయ చీజ్‌లని దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తోనే తోడు పెడతారు. అంత నిష్ఠగా ఉండేవాళ్ళయితే ఈ సూపు జోలికే పోవద్దు.

మా ఆవిడ బాతు తీసుకుంది, కాన్ఫీ ద కనార్, 25 యూరోలు. బాతు కాలికి ఉప్పు పట్టించి, దాని కొవ్వులోనే గంటల తరబడి సన్న సెగ మీద మగ్గించి, ఆ కొవ్వులోనే నిల్వ ఉంచుతారు. మన ఊరగాయ మీద నూనె తేలుతూ ఉండాలంటారే, అదే సూత్రం. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో నిల్వ చేసుకోవడానికి పుట్టిన వంట కాబట్టి డబ్బాలోంచో ప్యాకెట్లోంచో తీసి పెట్టారంటే నాకు పెద్ద కోపం రాదు. కానీ వడ్డించే ముందు చివరి పది నిమిషాలు తోలు కరకరలాడేలా కాల్చడం వంటవాడి పని. ఆవిడకి వచ్చిన కాలు మీద తోలు తడిసిన గుడ్డలా జారిపోయింది. కింద బంగాళాదుంపలు ఆ కొవ్వంతా పీల్చి మెత్తబడి ఉన్నాయి.

నాన్నకి కోడి. నాన్న ఏమీ అనలేదు. తెనాలిలో ఆదివారం కోడికూరలో కారం కాస్త తగ్గితేనే పేపర్ మడిచి పక్కన పెట్టే మనిషి ఏమీ అనలేదు. కారం ఏమైనా ఉందా అని అడిగితే చిన్న టబాస్కో సీసా తెచ్చి పెట్టారు. అది ఫ్రెంచ్ ఫ్రైస్ మీద చల్లుకుని, "పుల్లనీళ్ళు" అని తేల్చేశాడు. ఫ్రైస్ మటుకు బాగున్నాయి, ఒప్పుకోవాలి. బ్రెడ్డూ బాగుంది. పైన గట్టిగా, లోపల సాగుతూ. దానికి డబ్బులు తీసుకోరు, బుట్ట ఖాళీ అయితే మళ్ళీ తెస్తారు. అమ్మ దాంతోనే గడిపింది.

చివర్లో క్రెమ్ బ్రూలే, అంటే పైన పంచదార కాల్చిన కస్టర్డ్. ఆ పంచదార పొర చెంచాతో కొడితే పల్లీ చిక్కీలా టప్పుమని విరగాలి. మాది విరగలేదు, వంగింది. ఎప్పుడో కాల్చి ఫ్రిజ్‌లో పెట్టారు, పంచదార చెమ్మ పట్టి పాకమైపోయింది. రెండిటికి 19 యూరోలు.

ఇక నీళ్ళు. కూర్చోగానే వెయిటర్ "స్టిల్ ఆర్ స్పార్‌క్లింగ్?" అన్నాడు. ఈ రెండే ఉన్నాయనుకుని స్టిల్ అన్నాం. గాజు సీసా వచ్చింది. నాన్న గటగటా తాగేశాడు, ఇంకోటి వచ్చింది. ఒక్కోటి 7.50. ఆ ప్రశ్నకి మూడో జవాబు ఉందని నాకు అప్పుడు తెలీదు. కరాఫ్ దో, అంటే కుళాయి నీళ్ళ కూజా. అడిగితే ఉచితంగా ఇవ్వాలి. తాగునీళ్ళు ఉచితంగా అడగొచ్చని మెనూలోనో గోడ మీదో రాసి పెట్టాలని కూడా 2020లో చేసిన చట్టం చెబుతోంది. పారిస్ కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు. "యూన్ కరాఫ్ దో, సిల్ వూ ప్లే" అనండి చాలు, ఎవరూ వింతగా చూడరు. ఫ్రెంచివాళ్ళు తాగేది అవే.

బిల్లు ఎంతకీ తేలేదు. పాతిక నిమిషాలు కూర్చున్నాం. మనల్ని పట్టించుకోవట్లేదని నాన్న గొణిగాడు. ఈ ఒక్క విషయంలో వాళ్ళ తప్పు లేదు. అడగకుండా బిల్లు తెచ్చి పెడితే లేచిపొమ్మన్నట్టు ఉంటుందని అక్కడి మర్యాద. "లాదిస్యోన్" అని మనమే అడగాలి. అడిగాం, 136.50. కార్డు మిషన్ ముందుకు చాపి, టిప్పు ఐదా, పదా, పదిహేనా శాతం అని స్క్రీన్ చూపించి వెయిటర్ అటు తిరిగి నిలబడ్డాడు. ఆ టెన్షన్‌లో పది నొక్కేశా. మొత్తం 150.15. ఫ్రాన్స్‌లో మెనూలో రాసిన ధరలోనే సర్వీసు కలిసి ఉంటుంది, బిల్లు కింద సెర్వీస్ కోంప్రీ అని ఉంటుంది. నచ్చితే చిల్లర వదిలి వస్తారు, అంతే. శాతాల లెక్క టూరిస్టుల కోసం వచ్చింది.

మరి మీరు వెళ్ళాలా? వెళ్ళండి, కానీ లైట్లు చూసి కాదు. పెద్ద స్టేషన్ల ఎదుట, ఆరు భాషల్లో మెనూ ఉండి, పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా ఆపకుండా నూట యాభై రకాలు వడ్డించే చోట లోపల వంటవాడి కంటే ప్యాకెట్లు కోసే కత్తెరకే పని ఎక్కువ. గోడ మీద పలక కట్టి, అందులో ఇవాళ్టివి నాలుగైదు పేర్లు సుద్దతో రాసే చోట మీ అవకాశాలు మెరుగు. మెనూలో బాణలి మీద ఇంటి కప్పు ఉన్న చిన్న బొమ్మ కోసం వెతకండి. ఫే మెజోన్ అంటారు, 2014లో వచ్చింది. పచ్చి సరుకు తెచ్చి అక్కడే వండితేనే ఆ బొమ్మ వేసుకోవచ్చు. పచ్చి సరుకు ఫ్రీజర్‌దైనా పర్వాలేదు. ఇందులో ఒక తమాషా ఉంది. మినహాయింపుల జాబితాలో పచ్చి షూక్రూత్ కూడా ఉంది, అంటే క్యాబేజీని వాళ్ళే పులియబెట్టక్కర్లేదు, కొనుక్కొచ్చి వండినా ఇంటివంటే. ఆ బొమ్మ లేనంత మాత్రాన వంట చెడ్డదని కాదు, చాలామంది పెట్టుకోరు. మేం తిన్న చోట మాత్రం ఒక్క పేరు పక్కనా లేదు, తరవాత ఫోటోలు చూసుకుంటే తెలిసింది.

రాత్రి భోజనమే కావాలనేం లేదు. ఆ అద్దాలు, ఇత్తడి మధ్య కూర్చోవాలన్నదే కోరికైతే మధ్యాహ్నం వెళ్ళండి. రెండు వంటకాలకి కలిపి ఒక ధర పెడతారు, రాత్రి కంటే చవక. లేదంటే ఊరికే కాఫీ, ఒక డెజర్టు తీసుకుని గంట కూర్చోండి. లోపలికి అడుగు పెట్టగానే బోంజూర్ అనడం మర్చిపోకండి, అదొక్కటీ అనకపోతే మిగతా సాయంత్రమంతా మొహం మాడ్చుకునే ఉంటారు.

మరుసటి ఏడాది ఆఫీసు పని మీద ఒక్కణ్ణే మళ్ళీ పారిస్ వెళ్ళా. ఈసారి బుయ్యోన్‌కి వెళ్ళా. అవును, అదే మాట, అమ్మ సూపు పాడుచేసిన మాట. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో దువాల్ అనే మాంసం వ్యాపారి మార్కెట్ కూలీలకి ఉడికించిన మాంసం, దాని రసం చవగ్గా అమ్మడం మొదలుపెట్టాడు. ఆ రసం పేరే తరవాత ఆ తరహా హోటళ్ళకి స్థిరపడింది. నేను వెళ్ళిన షార్తియే 1896 నుంచి నడుస్తోంది. బుకింగ్ లేదు, బయట లైనులో నిలబడాలి, ఎవరో తెలియనివాళ్ళ పక్కన కూర్చోబెడతారు, బిల్లు టేబుల్ మీద పరిచిన కాగితం మీదే పెన్నుతో రాసి కూడుతారు. అక్కడా ఉల్లిపాయ సూపే చెప్పా. చీజ్ మీద మచ్చలున్నాయి. ఉల్లిపాయ వేగింది. ఫోటో తీసి అమ్మకి పంపాను. "నువ్వు తిను నాన్నా" అని మాత్రం పెట్టింది.

మీ అమ్మగారు కూడా పట్టింపు ఉన్న మనిషైతే గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ వైపు వెళ్ళండి. శ్రీలంక తమిళుల హోటళ్ళు వరసగా ఉంటాయి. గార్ ద లెస్ట్ నుంచి నడిచే దూరం. ఆదివారం పొద్దున్న అక్కడ అమ్మ రెండు దోసెలు తింది. ముందు రోజు రాత్రి మేం బ్రాసరీలో కూర్చున్నప్పుడు ఇవి పావుగంట నడకలోనే ఉన్నాయని తెలిసి నాన్న నా వంక చూసిన చూపు చెప్పలేను.

నాన్న వచ్చేటప్పుడు ఆ నీళ్ళ సీసాల్లో ఒకటి వెయిటర్‌ని అడిగి తెచ్చుకున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా బ్యాగులో, అక్కణ్ణించి స్వెటర్‌లో చుట్టి తెనాలి దాకా వెళ్ళింది. ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపులో ఉంటుంది. చుట్టాలెవరైనా మంచినీళ్ళకి చెయ్యి చాపితే, "జాగ్రత్తరా, ఏడున్నర యూరోలది" అంటాడు.